తిరుపతిలో సొంత ఫొటో స్టూడియో: జీఎస్టీ ఎప్పుడు తీసుకోవాలి, ఎవరి బిల్లు మీద ఏ టాక్స్ వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇన్నాళ్లూ వేరే స్టూడియోలకు కెమెరా పట్టారు, ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో షాపు అద్దెకు తీసుకుని సొంతంగా మొదలుపెడుతున్నారు. తిరుపతి, చిత్తూరు పెళ్లిళ్లతో పాటు వేలూరు, బెంగళూరు పార్టీలు కూడా ఉన్నాయి. నాలుగు లక్షలు పెట్టి కెమెరా, లెన్సులు, లైట్లు కొనబోతున్నారు. మొదటి రోజు నుంచే జీఎస్టీ ఉండాలా? రాష్ట్రం దాటితే రూపాయి పనికైనా రిజిస్ట్రేషన్ తప్పదని తెలిసిన అకౌంటెంట్ అన్నారు, నిజమేనా? పెళ్లివాళ్లు 18 శాతం ఇవ్వబోమంటే ఏం చేయాలి?

నేరుగా చెప్పాలంటే: ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు మీ మొత్తం టర్నోవర్ 20 లక్షలు దాటనంత కాలం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బెంగళూరు పార్టీకి తీసినా, వేలూరు వెళ్లి తీసినా ఇదే లెక్క. మీ అకౌంటెంట్ చెప్పింది సరుకు అమ్మేవాళ్లకు వర్తించే మాట. సర్వీసు చేసేవాళ్లకు 2017 అక్టోబరు 13 నాటి ఇంటిగ్రేటెడ్ టాక్స్ నోటిఫికేషన్ 10/2017తోనే ఆ నిబంధన నుంచి మినహాయింపు వచ్చింది. ఇంకొకరెవరో మీకు 40 లక్షల దాకా ఫర్వాలేదని కూడా చెబుతారు. ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నమాట నిజమే, కానీ అది సరుకు మాత్రమే అమ్మే వ్యాపారులకు. ఫొటోగ్రఫీ సర్వీసు కాబట్టి మీ హద్దు 20 లక్షలే.

ఇప్పుడు ఆ 20 లక్షల్లో ఏమేం కలుస్తాయో చూడండి. చాలామంది జారిపడేది ఇక్కడే. టర్నోవర్ అంటే మిగులు కాదు, పార్టీ దగ్గర తీసుకున్న మొత్తం. పెళ్లి ప్యాకేజీ లక్షా ఎనభై వేలకు ఒప్పుకుని అందులోంచి డ్రోన్ కుర్రాడికి, రెండో కెమెరాకు, ఆల్బమ్ ల్యాబ్‌కు, ఎడిటింగ్‌కు లక్ష ఇచ్చేసినా మీ లెక్కలో పడేది 1,80,000. ఏడాదికి అలాంటి పెళ్లిళ్లు 12 చేస్తే 21,60,000 అయి హద్దు దాటిపోయింది, చేతిలో మిగిలింది పది లక్షలు కూడా ఉండదు. ఖాళీ రోజుల్లో వేరే స్టూడియోలకు కెమెరా పడితే వచ్చే కూలీ కూడా కలుస్తుంది. మీ పాన్ మీద ఇంటి అద్దెలు వస్తుంటే అవీ కలుస్తాయి. ఇంటి అద్దెకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా టర్నోవర్ లెక్కకు మినహాయింపు లేదు. ఉద్యోగం జీతం ఉంటే అది మాత్రం కలవదు.

నెలవారీ సగటు వేసుకుని నిశ్చింతగా ఉండకండి. మన పనికి ఆషాఢం, పుష్యం, మూఢం ఉంటే రాబడి ఉండదు, మాఘం నుంచి వరసగా ముహూర్తాలు పడితే రెండు నెలల్లో ఏడాది పని అయిపోతుంది. జనవరి చివరికి 14 లక్షల దగ్గర ఉన్నవాళ్లు మార్చి లోపు దాటేయగలరు. 16 లక్షలు తగలగానే కాగితాలు సిద్ధం చేసుకోండి. దాటిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఆ గడువులో పెడితే రిజిస్ట్రేషన్ దాటిన తేదీ నుంచే అమల్లోకి వస్తుంది. టాక్స్ కూడా దాటిన తర్వాతి పనులకే, ముందటి 20 లక్షలకు వెనక్కి వెళ్లి కట్టక్కర్లేదు. గడువు దాటాక పెడితే రిజిస్ట్రేషన్ ఇచ్చిన తేదీ నుంచే అమలవుతుంది. మధ్యలో చేసిన పనులకు టాక్స్ మాత్రం మీ జేబులోంచి పోతుంది, కొన్నవాటి మీద కట్టిన టాక్స్‌ను తగ్గించుకునే క్రెడిట్ ఉండదు, పెనాల్టీ వేరే.

టర్నోవర్ ఎవరికి తెలుస్తుందిలే అనుకునే కాలం పోయింది. 2025లో కర్ణాటకలో యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న చిన్న దుకాణాలకు నోటీసులు వెళ్లాయి. స్టూడియోకు విడిగా కరెంట్ ఖాతా తెరిచి, స్కానర్ ఆ ఖాతాకే పెట్టండి. బామ్మర్ది తిరిగిచ్చిన చేబదులు, చీటీ పాట డబ్బు ఆ ఖాతాలో పడకూడదు. పడితే రేపు ప్రతి ఎంట్రీకీ మీరే జవాబు చెప్పుకోవాలి.

సరుకు ఉచ్చు ఒకటుంది. తిరుమల కొండల ల్యాండ్‌స్కేపులు, తలకోన జలపాతం లాంటివి ఫ్రేములు కట్టించి ఆన్‌లైన్‌లో బెంగళూరుకో చెన్నైకో కొరియర్ చేయాలని అనుకుంటుంటే ఆగండి. అది సర్వీసు కాదు, సరుకు. రాష్ట్రం బయటకు సరుకు అమ్మితే మొదటి ఫ్రేముకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెళ్లి ప్యాకేజీలో భాగంగా ఇచ్చే ఆల్బమ్, ఫ్రేములు ఇందులోకి రావు. అక్కడ అసలు పని ఫొటోగ్రఫీ, ఆల్బమ్ దాని వెంట వచ్చేది.

రిజిస్ట్రేషన్ లేకుండా కొటేషన్లలో "జీఎస్టీ అదనం" అని రాసేవాళ్లు కూడా ఉన్నారు. జీఎస్టీ నంబరు లేనివాళ్లు టాక్స్ పేరుతో ఒక్క రూపాయి తీసుకున్నా నేరమే. పెనాల్టీ 10,000 లేదా ఆ టాక్స్ మొత్తం, ఏది ఎక్కువైతే అది.

20 లక్షల లోపే ఉంటే ముందుగానే తీసుకోవడం లాభమా? ఇది మీ పార్టీలు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. హోటళ్లు, నగల షాపులు, ఈవెంట్ మేనేజర్లు అయితే మీరు వేసిన 18 శాతాన్ని వాళ్లలో చాలామంది తమ టాక్స్‌లో తగ్గించుకుంటారు. జీఎస్టీ బిల్లు లేకపోతే కొందరు పనే ఇవ్వరు. అలాంటి పని సగానికి మించి ఉంటే తీసుకోండి. పెళ్లిళ్లు, అన్నప్రాసనలు, ఓణీల ఫంక్షన్లే మీ బతుకైతే తొందరపడకండి. ఇంటివాళ్లకు ఆ 18 శాతం ఎక్కడా తిరిగి రాదు. పక్క వీధిలో నంబరు లేని ఫొటోగ్రాఫరు లక్షకు చేస్తానంటే మీరు లక్షా పద్దెనిమిది వేలు అడగలేరు, చివరికి ఆ లక్షలోంచే కట్టుకుంటారు. లక్షలో టాక్స్ 18,000 కాదు. 118తో భాగించి 100తో గుణించాలి: మీ వంతు 84,746, టాక్స్ 15,254.

మీ అంకెలతోనే వేసి చూద్దాం. ఏడాదికి 12 లక్షల పెళ్లిళ్లు, టాక్స్ లోపలే అనుకుంటే కట్టాల్సింది 1,83,051. నాలుగు లక్షల సామాను బిల్లుల్లో ఉన్న టాక్స్ 61,017, అది మొదటి ఏడాది మాత్రమే తగ్గుతుంది. ల్యాబ్‌కు రెండు లక్షలు బిల్లుతో ఇస్తే ఇంకో 30,508. ఇవన్నీ తీసేసినా 91 వేలకు పైగా మీ జేబులోంచి పోతుంది. కెమెరా మీద క్రెడిట్ వస్తుందని ఆశపడి నంబరు తీసుకున్న పెళ్లి ఫొటోగ్రాఫర్లు రెండో ఏడాది రద్దు కోసం తిరుగుతుంటారు. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఎలాగూ ఈ ఏడాదే 20 లక్షలు దాటుతుందని మీకు గట్టిగా తెలిస్తే మాత్రం క్రమం తిప్పండి: ముందు రిజిస్ట్రేషన్, తర్వాత కెమెరా. రిజిస్ట్రేషన్‌కు ముందు కొన్న కెమెరా, లెన్సు, కంప్యూటర్ లాంటి మూలధన సామాను మీద క్రెడిట్ రాదు. చేతిలో మిగిలి ఉన్న ఆల్బమ్ షీట్లు, ఫొటో పేపర్ లాంటి వాడకం స్టాకుకు మాత్రమే వస్తుంది, దానికి 30 రోజుల్లో ఐటీసీ-01 ఫారం పెట్టాలి. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు ఉండాలి, అమ్మినవాడు రిటర్ను వేసి అది జీఎస్టీ పోర్టల్లో మీ క్రెడిట్ చూపే జీఎస్టీఆర్-2బిలో కనబడాలి. బిల్లు లేకుండా తక్కువకొచ్చే కెమెరాకు, మిత్రుడి దగ్గర కొన్న పాత లెన్సుకు క్రెడిట్ సున్నా. ఆదాయపు పన్నులో తరుగుదల చూపేటప్పుడు క్రెడిట్ తీసుకున్న టాక్స్ మొత్తాన్ని కెమెరా ధరలో కలపకూడదు, రెండు చోట్లా లాభం కుదరదు. షూట్లకు తిరగడానికి కొన్న బైకుకు, కారుకు, టీమ్ భోజనాలకు క్రెడిట్ ఉండదు. డ్రోన్ల మీద టాక్స్ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి దాని మీద వచ్చే క్రెడిట్ కూడా అంతే.

రిజిస్టర్ అయ్యాక తిరుపతి ఫొటోగ్రాఫరుకు అన్నింటికంటే ముఖ్యమైన సంగతి: పెళ్లి ఎక్కడ జరిగిందన్నది కాదు, పార్టీ అడ్రసు ఎక్కడిదన్నది చూడాలి. మన ఊరికి తమిళనాడు, కర్ణాటక, తెలంగాణ కుటుంబాలు వచ్చి పెళ్లి చేసుకుని వెళ్తుంటాయి, అందుకే ఇక్కడ ఈ తప్పు ఎక్కువ. చెన్నై కుటుంబం తిరుపతి కల్యాణ మండపంలో పెళ్లి పెట్టుకుంది, ఫొటోలు మీరే తీశారు. అంతా ఇక్కడే జరిగింది కదా అని సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9 శాతం, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 శాతం వేస్తారు. కాదు. మీ రికార్డులో వాళ్ల అడ్రసు చెన్నైది ఉంటే అది రాష్ట్రాంతర సర్వీసు, ఐజీఎస్టీ 18 శాతం పడాలి. తిరగేస్తే, చిత్తూరు కుటుంబం వేలూరులో పెళ్లి పెట్టుకుని మిమ్మల్ని తీసుకెళ్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీయే. ఒకరోజు వెళ్లి తీసినందుకు తమిళనాడులో విడిగా రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. పార్టీకి జీఎస్టీ నంబరు ఉంటే మొదటి రెండంకెలు చూడండి: మనది 37, తెలంగాణ 36, తమిళనాడు 33, కర్ణాటక 29.

అడ్రసు తీసుకోకుండా ఉంటే సరిపోతుందా అంటే పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకు సరిపోతుంది, పెళ్లికి కుదరదు. నంబరు లేని పార్టీకైనా 50,000, ఆపైన బిల్లు ఉంటే పేరు, అడ్రసు, రాష్ట్రం రాయాల్సిందే. రాష్ట్రాంతర బిల్లు లక్ష దాటితే జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను)లో ఆ బిల్లును విడిగా చూపాలి, ఈ హద్దు 2024 ఆగస్టుకు ముందు రెండున్నర లక్షలు. ఐజీఎస్టీకి బదులు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కట్టేసినా, తిరగేసి కట్టినా డబ్బు పోదు. సరైన టాక్స్ మళ్లీ కట్టి, మొదట కట్టినదానికి రీఫండ్ అడగాలి. వడ్డీ ఉండదు గానీ ఆ రీఫండ్ వచ్చేదాకా అదే పనికి రెండుసార్లు కట్టినట్టే.

అమెరికా నుంచి వచ్చిన కుటుంబం డాలర్లలో పంపింది కాబట్టి ఎగుమతి, టాక్స్ లేదు అనుకోవద్దు. వాళ్లు ఎదుట ఉండగా మీరు ఇక్కడ తీసిన పెళ్లి ఇక్కడి సర్వీసే. విదేశీ స్టూడియో ఫైళ్లు పంపితే ఇక్కడ కూర్చుని రీటచింగ్ చేసి పంపడం వేరు. అది ఎగుమతి కావచ్చు, రిజిస్టర్ అయినవాళ్లు ఏటా ఎల్‌యూటీ (హామీ పత్రం) పెట్టుకుంటే టాక్స్ కట్టకుండా పంపొచ్చు.

20 లక్షలు దాటాక రెండు దారులు. ఒకటి మామూలు రిజిస్ట్రేషన్, 18 శాతం, క్రెడిట్ ఉంటుంది. రెండోది కాంపొజిషన్, అంటే మొత్తం టర్నోవర్ మీద తక్కువ రేటు కట్టే పద్ధతి. సర్వీసు వాళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఉంది. గత ఏడాది టర్నోవర్ 50 లక్షలు మించకపోతే 6 శాతం కడితే చాలు. పార్టీ దగ్గర టాక్స్ అడగకూడదు, కొన్నవాటి మీద క్రెడిట్ లేదు. 30 లక్షల టర్నోవర్, అంతా ఇంటి పెళ్లిళ్లే అనుకోండి. కాంపొజిషన్‌లో 1,80,000. మామూలులో, ధరలోనే టాక్స్ అయితే 4,57,627, అందులోంచి పది లక్షల బిల్లుల కొనుగోళ్లకు 1,52,542 తీసేసినా మూడు లక్షలు దాటుతుంది. పెళ్లిళ్ల స్టూడియోకు కాంపొజిషనే చవక, సందేహం లేదు.

అయితే దానికి ఒక షరతు ఉంది: రాష్ట్రాంతర సర్వీసు ఒక్కటి కూడా ఉండకూడదు. పైన చెప్పిన చెన్నై కుటుంబం తిరుపతి పెళ్లి గుర్తుంది కదా, అది ఒక్కటి చేస్తే కాంపొజిషన్ అర్హత పోతుంది. ఆ రోజు నుంచి మామూలు టాక్స్‌లోకి మారాలి. అందుకే బెంగళూరు, వేలూరు పార్టీలున్న మీకు నేను కాంపొజిషన్ చెప్పను. అవన్నీ వదిలేసి పూర్తిగా మన రాష్ట్రం పార్టీలతోనే నడుపుతానంటే అప్పుడు ఆలోచించండి. పాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఏడాది మధ్యలో ఇందులోకి రాలేరు, మార్చి 31 లోపు సీఎంపీ-02 ఫారం పెట్టాలి. కొత్తగా తీసుకునేవాళ్లు దరఖాస్తులోనే ఎంచుకోవచ్చు.

అడ్వాన్సులు. మన పని అడ్వాన్సు మీద నడుస్తుంది. సరుకు వ్యాపారికి అడ్వాన్సు మీద టాక్స్ లేదు, సర్వీసుకు ఉంది. రిజిస్టర్ అయ్యాక ఆగస్టులో తీసుకున్న 50,000 అడ్వాన్సుకు, పెళ్లి ఫిబ్రవరిలో ఉన్నా, ఆగస్టు లెక్కలోనే కట్టాలి. రిసీట్ వోచరు ఇచ్చి, జీఎస్టీఆర్-1లో అడ్వాన్సుల పట్టికలో చూపి, పెళ్లయ్యాక బిల్లు వేసినప్పుడు సర్దుకోవాలి. ఫైనల్ బిల్లు పని పూర్తయిన 30 రోజుల్లో వేయాలి. పెళ్లి ఆగిపోయి డబ్బు వెనక్కి ఇస్తే రిఫండ్ వోచరు. వెనక్కి ఇవ్వకుండా ఉంచుకుంటే అది కూడా టాక్స్ పడే రాబడే, 2022 ఆగస్టు 3 నాటి సర్క్యులర్ 178 ప్రకారం రద్దు చార్జీకి అసలు సర్వీసు రేటే. ఇప్పుడు మీకు రిజిస్ట్రేషన్ లేకపోయినా బుకింగ్ కాగితంలో ఒక వాక్యం రాయించుకోండి: "పని నాటికి జీఎస్టీ వర్తిస్తే బాకీ మొత్తం మీద అదనం." లేకపోతే మధ్యలో 20 లక్షలు దాటినప్పుడు పార్టీ అదనంగా ఇవ్వదు.

టీమ్ రూము, వ్యాను, పెట్రోలు ఖర్చులు పార్టీ విడిగా ఇచ్చినా బిల్లులో మీ ధర కిందే పడతాయి. వాటిని పార్టీ నేరుగా హోటలుకు, ట్రావెల్స్‌కు కట్టేస్తే మీ లెక్కలోకి రావు. అదే సుఖం.

షాపు అద్దె. దీని గురించి చాలామందికి తెలియదు. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్టర్ కాని ఓనరు దగ్గర షాపు అద్దెకు తీసుకున్న రిజిస్టర్డ్ వ్యాపారి ఆ అద్దె మీద 18 శాతం తానే కట్టాలి. తిరుపతిలో చాలా షాపుల ఓనర్లు మామూలు మనుషులే, జీఎస్టీ నంబరు ఉండదు. నెలకు 15,000 అద్దె అయితే 2,700 నగదుగా కట్టి, అదే నెల క్రెడిట్ తీసుకోవచ్చు. క్రెడిట్ బ్యాలెన్స్‌తో దీన్ని కట్టడం కుదరదు. రిజిస్ట్రేషన్ లేనంత కాలం మీకు ఇది లేదు. కాంపొజిషన్ వాళ్లను 2025 జనవరి 16 నుంచి తప్పించారు.

రిజిస్ట్రేషన్ పోర్టల్లో ఉచితం, ఫీజు లేదు. పాన్, ఆధార్, మీ ఫొటో, షాపు అద్దె అగ్రిమెంటు, ఓనరు పేరున కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు కావాలి. ఎక్కువగా తిప్పికొట్టేది అడ్రసు తేడాల దగ్గరే: అగ్రిమెంటులో డోర్ నంబరు ఒకటి, కరెంటు బిల్లులో పాత నంబరు మరొకటి. ఓనరు చనిపోయి బిల్లు ఇంకా తండ్రి పేరునే ఉండడం కూడా మామూలే. ముందే సరిచూసి, ఓనరు సమ్మతి పత్రం కూడా జతచేయండి. ఆధార్ ధ్రువీకరణకు ఒప్పుకోవాలి. బయోమెట్రిక్‌కు రమ్మని సందేశం వస్తే ఒరిజినల్ కాగితాలతో చెప్పిన కేంద్రానికి వెళ్లాలి. ప్రశ్న వేస్తే 7 పనిదినాల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు. నంబరు వచ్చాక 30 రోజుల్లో, లేదా మొదటి జీఎస్టీఆర్-1 వేసే లోపు, ఏది ముందైతే ఆ లోపు బ్యాంకు ఖాతా చేర్చాలి. సర్టిఫికెట్ షాపులో కనబడేలా పెట్టి, బోర్డు మీద నంబరు రాయించాలి.

జీఎస్టీ బిల్లు మీద సర్వీసు కోడ్ 9983 చాలు. పూర్తిగా రాయాలంటే పెళ్లిళ్లు, ఈవెంట్లు 998383, పోర్ట్రెయిట్ 998381, ప్రకటనల ఫొటోలు 998382, రీటచింగ్ 998385, ప్రింటింగ్ 998386. అన్నింటికీ 18 శాతమే, కాబట్టి ఆల్బమ్‌ను విడగొట్టి వేరే రేటు కోసం వెతకడం దండగ.

రిటర్నులకు మూడు నెలలకోసారి వేసే క్యూఆర్ఎంపీ పద్ధతి ఎంచుకోండి. త్రైమాసికం తర్వాతి నెల 13లోపు జీఎస్టీఆర్-1, 22లోపు టాక్స్ కట్టే జీఎస్టీఆర్-3బి రిటర్ను. మధ్యలోని రెండు నెలలకు 25లోపు చలానా. హోటలు, నగల షాపు లాంటి పార్టీ క్రెడిట్ ఎప్పుడొస్తుందని నెలనెలా అడుగుతుంటే ఆ బిల్లుల వరకు ఐఎఫ్ఎఫ్ అనే పోర్టల్ సదుపాయంలో నెలనెలా ఎక్కించొచ్చు. కాంపొజిషన్ వాళ్లకు త్రైమాసికానికి టాక్స్ కట్టే ఒక సీఎంపీ-08, తర్వాతి నెల 18వ తేదీలోపు, ఏడాదికి ఒక జీఎస్టీఆర్-4 రిటర్ను. ఆషాఢమంతా పని లేకపోయినా సున్నా రిటర్ను వేయాలి. మరిచిపోతే రోజుకు 20, అమ్మకాలుంటే రోజుకు 50, టాక్స్ బాకీకి ఏడాదికి 18 శాతం వడ్డీ. ఎక్కువ కాలం వేయకపోతే నంబరే రద్దు చేస్తారు.

మిగిలినవి రెండు ముక్కల్లో. ప్రభుత్వ శాఖ పని రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టు అయితే బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటారు, పోర్టల్లో మీరు ఆమోదిస్తేనే అది మీ నగదు ఖాతాలోకి వస్తుంది. మీ ఫొటో కాపీరైటును నిర్మాతకో సంగీత కంపెనీకో ఇస్తే ఆ టాక్స్ కట్టేది వాళ్లు, మీరు కాదు. ఆ బిల్లులో టాక్స్ వేయకుండా రివర్స్ చార్జ్ అని రాయాలి.

మీ కేసులో ఇప్పటికి చేయాల్సింది: విడి ఖాతా, వరస నంబర్లతో టాక్స్ లేని మామూలు బిల్లు పుస్తకం, ప్రతి పార్టీకి అడ్రసుతో బుకింగ్ కాగితం, నెలాఖరున ఏప్రిల్ నుంచి మొత్తం ఎంతైందో ఒక గీత. కెమెరా బిల్లు మాత్రం మీ పేరునే తీసుకోండి, ఆదాయపు పన్నులో తరుగుదలకు అది పనికొస్తుంది.